వంటావార్పూలో వార్పు ఎక్కడికి పోయింది?

తెలుగులో వంట అనే మాట ఒంటరిగా నడవడానికి ఇష్టపడదు. పక్కన వార్పు ఉండాలి. "వంటావార్పూ అయిందా?" అని అడుగుతాం. 2011 జూన్ 19న తెలంగాణ ఉద్యమకారులు రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుతిన్నప్పుడు ఆ నిరసనకు పెట్టుకున్న పేరు కూడా వంటావార్పే. వంట సంగతి సరే, వార్పు అంటే ఏమిటి? వార్చడమంటే నీటిని ధారగా ఒంపి వదలడం. సంధ్య వార్చడంలో ఉన్నదీ ఆ మాటే. వంటింట్లో మాత్రం దానికి ఒకటే అర్థం, ఉడికిన అన్నంలోంచి గంజి తీసివెయ్యడం. కూర, పులుసు, పచ్చడి అన్నీ ఒక ఎత్తు, అన్నం ఒక్కటీ ఒక ఎత్తు అని మన పెద్దలు భావించారని ఈ జంటపదాన్ని బట్టి నేను అర్థం చేసుకుంటున్నాను.

ఈ వ్యాసానికి ప్రేరణ మాత్రం బాస్మతి. మా కె.ఆర్.పురంలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు దంపతులు ఎవరింటికి వెళ్ళినా, మా బ్యాంకులో భోజనాల వేళ డబ్బాలు విప్పినా, ఈ మధ్య తరచు వినిపించే ప్రశ్న ఇది: "బాస్మతి పొడిపొడిగా రావడం లేదండీ, కుక్కర్లో పెడితే ముద్ద అయిపోతోంది, ఏం చెయ్యాలి?" దానికి సమాధానం ఆ సంచీ వెనకాలే అచ్చయి ఉంటుంది. నీళ్ళు ఎక్కువ పోసి, మరిగాక బియ్యం వేసి, ఉడికీ ఉడకగానే నీళ్ళు వంచెయ్యమని. అది చదివి, ఇదేదో పంజాబువాళ్ళ విద్య అనుకుంటారు. నా ఉద్దేశంలో అది మన అవ్వల విద్యే. యాభై అరవై ఏళ్ళ కిందట మన చేతుల్లోంచి జారిపోయి, ఉత్తరాది సంచీలో పడి తిరిగి మన గుమ్మంలోకి వచ్చింది. ఎలా జారిపోయిందో చెప్పడమే ఇక్కడ నా ప్రయత్నం. విచిత్రమేమిటంటే ఆ కథలో పెద్ద ఘట్టం మా ఊళ్ళోనే జరిగింది.

ముందు మాటల సంగతి చూద్దాం. మా వీధిలో మూడు భాషలున్నాయి. కోస్తా నుంచి వచ్చినవారు గంజి వారుస్తారు. కోలారు, ములబాగలు, చింతామణి వైపు తెలుగువారమైన మేము గంజి వంచుతాం. కన్నడిగులు బసియుతారు, తమిళులు వడిస్తారు. నాలుగూ ఒక్క పనికే పేర్లు. ఇక్కడివారు ప్రాణం పెట్టే బస్సారు అనే చారు పేరులో ఉన్నది కూడా ఆ బసియడమే, ఆకుకూరా పప్పూ ఉడికించి వంచిన నీటితో చేసేది కాబట్టి. వార్చిన అన్నానికి ఎదురుగా నిలిచేది అత్తెసరు. ఎసరు అంటే పొయ్యి మీద మరిగే నీళ్ళు. వంచే పని లేకుండా బియ్యం తాగేటంత నీరే పోసి దించేది అత్తెసరు అన్నం. ఇవాళ వంటల పుస్తకాలు రెండు వేర్వేరు పద్ధతులని పేజీలకొద్దీ వివరించేదాన్ని మన భాష ఎప్పుడో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. ఉడకని గింజకు పలుకు, మితిమీరి ఉడికినదానికి చిమిడింది, గుప్పెడు బియ్యం గిన్నెడన్నం అయితే ఒదిగింది. ఈ మాటలు మా ఇళ్ళలో పిల్లలకు తెలియవు. వాళ్ళకు తెలిసిన లెక్క ఒకటే, ఎన్ని విజిళ్ళు?

అయితే ఈ ప్రాంతంలో వరి అన్నం నిత్యభోజనం కాదన్న మాట ముందే ఒప్పుకోవాలి. 1800లో మద్రాసు నుంచి బయలుదేరి మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ తన యాత్రా గ్రంథాన్ని 1807లో అచ్చు వేయించాడు. అందులో రాగికున్న ప్రాధాన్యం స్పష్టంగా కనిపిస్తుంది. చెరువు కట్టల కింద తడి నేలల్లో వరి వేసేవారు, మెట్టలో రాగి. మా కె.ఆర్.పురం వెంగయ్య చెరువు వంటి చెరువులన్నీ ఆ తడి నేలల కోసమే పుట్టినవి. మెజారిటీ ఇళ్ళలో పగలూ రాత్రీ సంగటే. వరికూడు పండగనాడు, పెళ్ళినాడు, అల్లుడు వచ్చిననాడు. మైసూరు శాసనాలను సంపుటాలుగా అచ్చొత్తించి, గెజెటీర్ రాసిన బి.ఎల్.రైస్ దొర బెంగళూరులోనే పుట్టాడు. ఇంటిపేరు అన్నమే అయినా, ఆయన చుట్టూ ఉన్న రైతులు తిన్నది రాగి! ఎప్పుడో ఒకసారి వండే వస్తువు కాబట్టి వరి అన్నాన్ని శ్రద్ధగా వండేవారు. పెద్ద గుండిగలో ఎసరు పెట్టి, మెతుకు పట్టి చూసి, సిబ్బి మూసి, మసిగుడ్డతో పట్టి వంచి, మళ్ళీ నిప్పుల మీద మగ్గనిచ్చేవారు.

ఇంకాస్త వెనక్కు వెళితే, కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో అన్నభోగమని ఒక ప్రకరణమే ఉంది. రాజు తినదగిన వరి రకాల్లో గంధశాలిని చేర్చాడు. ఆ పేరు మలెనాడులో గంధసాలెగా, వయనాడులో గంధకశాలగా నేటికీ బతికే ఉంది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి అతిథులకు వానాకాలంలో కలమధాన్యపు అన్నం పెట్టించాడు. ఆ ఇల్లాలి కళ్ళకు పొగ సోకకుండా కొబ్బరి బొరియలతో పొయ్యి రాజేసినట్టు కూడా చెప్పాడు. ఏలినవారు పొయ్యి పొగ గురించి ఆలోచించడం నాకు కావ్యమంతటిలోకీ ముచ్చటగా తోస్తుంది. ఇక మన తెలుగు జిల్లాల మొలకొలుకులు, చిట్టిముత్యాలు ఉండనే ఉన్నాయి. అంటే సువాసన బియ్యానికి మనం కొత్త కాదు. చిట్టిముత్యాలు పొట్టి గింజ, బాస్మతి పొడుగు గింజ, అంతే తేడా. రెండింటి వాసనలోనూ ముఖ్యమైన పదార్థం ఒకటే. అన్నపు వాసనలో దాన్ని శాస్త్రజ్ఞులు 1982లో గుర్తించారు. బెంగళూరు మేడల మీద కుండీల్లో పెంచే బాస్మతి ఆకు, అదే మొగలి జాతి మొక్క, వాసన కూడా దానివల్లనే.

మరి వార్పు ఎందుకు పోయింది? మొదటి దెబ్బ యుద్ధం కొట్టింది. 1942 మార్చిలో రంగూన్ జపాను వశమైంది. బర్మా బియ్యం మీద ఆధారపడ్డ దక్షిణ భారతానికి ఓడలు రావడం ఆగిపోయింది. పట్టణాల్లో రేషను వచ్చింది. తూకం వేసి ఇచ్చిన బియ్యంలో ఒక్క పలుకూ వృథా కారాదన్న భయం ఇల్లాళ్ళలో పుట్టింది. గంజి వంచితే బియ్యంలో సారం పోతుందన్నది అంతకుముందే డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టిన మాట. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయానికి 1935 నుంచి డైరెక్టరుగా ఉన్న డాక్టర్ ఎక్రాయిడ్ బృందం బియ్యం మీద చాలా పని చేసింది. ఉత్తర సర్కారు జిల్లాల తెలుగువారిలో బెరిబెరి కనిపించడానికీ, ఉప్పుడు బియ్యం తినే తమిళులలో అది అరుదు కావడానికీ కారణం ఆరా తీశారు. మరపట్టిన పచ్చిబియ్యంలో బి విటమిను మొదటే తక్కువ. ఉన్న కాస్తా కడుగులోను, గంజిలోను పోతుంది. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఆ భవనం చూడనివారు తక్కువ.

డాక్టర్ల మాట నిజమే. కాని మన ఇళ్ళలో గంజిని పారబోసిందెవరు? ఉప్పు వేసి పిల్లలకు పట్టేవారు, మజ్జిగ కలిపి పొలానికి పంపేవారు, పులియబెట్టి తరవాణి చేసేవారు, చీరలకు పెట్టేవారు, చివరకు కుడితితొట్టిలో పోసేవారు. గంజిని తాగే ఇంట్లో వార్పు వల్ల పోయింది స్వల్పం. తాగడం నామోషీ అయిన ఇంట్లోనే నష్టం. ఈ భేదాన్ని ఎవరూ విడమరచి చెప్పలేదు. "వంచకండి" అన్న మాట మాత్రం నిలిచిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా తిండి కొరత తీరలేదు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి వారానికొక పూట మానమని దేశాన్ని కోరారు. తరువాత కొత్త వంగడాలు వచ్చాయి. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐఆర్8 పండించి, ఆ రకం పేరుతోనే ప్రసిద్ధులయ్యారు. కడుపులు నిండాయి కాని ఆ అన్నం చల్లారితే గట్టిపడేది. రుచిని తెచ్చినది మసూరి. దీన్ని మైసూరు బియ్యమనుకునేవారు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. ఇది మలేషియాలో 1965లో విడుదలైన రకం, అక్కడి జానపద కథానాయిక మహ్సూరి పేరు పెట్టారు. మన బాపట్లలో 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఆ వంశానిదే. సోనా మసూరిలో సగం పేరూ అదే. ఈ సన్నబియ్యం కుక్కరుకు బాగా ఒప్పుకుంది. కుక్కరు కథే ఇక చెప్పవలసినది.

ఆవిరిని బంధించి వండే గిన్నెను 1679లో లండనులో డెనీ పాపిన్ అనే ఫ్రెంచివాడు కనిపెట్టాడు. 1682లో రాయల్ సొసైటీ పండితులకు అందులో వండి విందు కూడా చేశాడు. మన దేశంలో 1910లో కలకత్తా వైద్యుడు ఇందుమాధవ్ మల్లిక్ ఇక్‌మిక్ కుక్కరు చేశాడు, దానిలో ఒత్తిడి లేదు, అరలు అరలుగా గిన్నెలు పేర్చి నిదానంగా ఆవిరిమీద వండేది. అసలైన ప్రెషరు కుక్కర్లు 1959లో వచ్చాయి. బొంబాయిలో హాకిన్స్, బెంగళూరులో ప్రెస్టీజ్. టి.టి.కె. వారు ఇంగ్లండు ప్రెస్టీజ్ కంపెనీ సాంకేతిక సహకారంతో పెట్టిన ఆ కర్మాగారం ఉన్నది మరెక్కడో కాదు, కె.ఆర్.పురాన్ని ఆనుకుని ఉన్న దూరవాణినగర్‌లోనే. తయారీ తరవాత హోసూరుకు మళ్ళింది. నకిలీ విడిభాగాలతో కుక్కర్లు పేలుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చిన రోజుల్లో, ఆవిరి మితిమీరితే రబ్బరు గాస్కెట్టే తప్పుకుని దారి ఇచ్చే ఏర్పాటును టి.టి.జగన్నాథన్ తెచ్చారు. మూత అంచున ఉండే చిన్న కంత అదే. ఇల్లాళ్ళ భయం చాలావరకు పోగొట్టింది ఆ కంత.

దూరవాణినగర్‌కు ఆ పేరు తెచ్చింది 1948లో పెట్టిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్. దాని కోసం, 1864 నుంచి రైళ్ళు నడుస్తున్న జోలార్‌పేట మార్గం పొడుగునా కోలారు ప్రాంతపు తెలుగువారు ఇటు వచ్చి స్థిరపడ్డారు. మా కుటుంబమూ అలా వచ్చినదే. టెలిఫోను భాగాలు కూర్చే పనిలో స్త్రీలు చాలామంది ఉండేవారు. ఉదయం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండవలసిన మనిషికి గుండిగ దగ్గర నిలబడి మెతుకు పట్టి చూసే తీరిక ఎక్కడిది? రంపపు పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు దాటి గ్యాసు వచ్చేసరికి కుక్కరు దానికి జత కుదిరింది. కింద గిన్నెలో పప్పు, నడిమి గిన్నెలో అన్నం, పైన కూరముక్కలు. సుమారు 120 డిగ్రీల వేడిలో మూడూ ఒక్క మంట మీద అవుతాయి. దీన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మా అమ్మ నడుముకు విశ్రాంతి ఇచ్చింది ఆ వస్తువే. సిబ్బి అటక ఎక్కింది, రెండు మూడేళ్ళకు పాత ఇత్తడిలో అమ్ముడుపోయింది. నష్టం ఎక్కడంటే, కుక్కరు అత్తెసరుకు యంత్రరూపం. గింజలోంచి కరిగి బయటికొచ్చిన పిండిపదార్థం గంజిగా బయటికి పోదు, నీరు ఇంకిపోగానే మళ్ళీ మెతుకుల మీదే అంటుకుంటుంది. పప్పన్నానికీ సాంబారన్నానికీ పెరుగన్నానికీ ఆ జిగురే అందం. పులిహోరకు, చిత్రాన్నానికి, పలావుకు అదే శత్రువు.

సరిగ్గా ఈ స్థితిలో, 1990ల్లో, ఆర్థిక సంస్కరణల తరువాత, జిప్పు సంచుల్లో బాస్మతి మా అంగళ్ళకు వచ్చింది. అంతకుముందు డెహ్రాడూన్ బియ్యమని విడిగా అమ్మేవారు, కొనేవారు తక్కువ. మన దక్షిణాది బిరియానీకి కూడా బాస్మతి తప్పనిసరి కాదు. ఇదే మద్రాసు దారిలో ఉన్న ఆంబూరులో జీరక సాంబ వాడతారు, బెంగళూరు దొన్నె బిరియానీదీ చిన్న గింజే. పొడుగు గింజ మోజు హైదరాబాదు బిరియానీ వెంట వచ్చింది. బాస్మతి పేరు మాత్రం పాతది. వారిస్ షా 1766లో రాసిన పంజాబీ హీర్ కావ్యంలో కనిపిస్తుంది. 1933లో ఇప్పటి పాకిస్తాన్‌లోని కాలా షా కాకు పరిశోధనా క్షేత్రంలో బాస్మతి 370 రకం తీశారు. 1989లో పూసా బాస్మతి 1, 2003లో పూసా 1121 ఢిల్లీ నుంచి వచ్చాయి. ఈ 1121 గింజ ఉడికితే 20 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. 1997 సెప్టెంబరులో టెక్సాస్‌కు చెందిన రైస్‌టెక్ కంపెనీకి అమెరికాలో బాస్మతి తరహా వంగడాల మీద పేటెంటు వచ్చినప్పుడు దేశంలో గగ్గోలు పుట్టింది. 2000లో భారతదేశం సవాలు చేసింది, మరుసటి ఏటికి ఆ పేటెంటులో మిగిలినవి కొద్ది అంశాలే. 2016లో బాస్మతికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పంజాబు, హర్యానా, హిమాచల్, ఉత్తరాఖండ్, ఢిల్లీ, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోను, జమ్మూలోను కొన్ని జిల్లాలు, ఇంతే పరిధి. గోదావరి నీళ్ళతో పండించినా కావేరి నీళ్ళతో పండించినా ఆ పేరు చెల్లదు. 2023 ఆగస్టు నుంచి బాస్మతి నాణ్యతకు కేంద్రం ప్రమాణాలు కూడా అమలులో పెట్టింది, వాసన సహజమైనదై ఉండాలి, కృత్రిమంగా పూయకూడదు.

నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పుకోనివ్వండి. "పాత బియ్యం ఎందుకంత ధర?" అని అడిగేవారికి నేను వంటింటి జవాబు చెప్పను, లెడ్జరు జవాబు చెబుతాను. శీతాకాలం మొదట్లో కొన్న ధాన్యాన్ని ఏడాదీ ఏడాదిన్నర మాగబెట్టి గాని మంచి బాస్మతిగా అమ్మరు. రైతుకు ఇచ్చిన 100 రూపాయలు ఏడాదిన్నర గోదాములో నిలబడితే, 10 శాతం చొప్పున చూసినా వడ్డీయే 15 రూపాయలు. అద్దె, బీమా, పురుగు మందు, ఎలుకలు వేరే. అంటే పాతబియ్యంలో మనం కొనేది కాలాన్ని. మాగిన గింజ గట్టిపడి, ఉడికేటప్పుడు జిగురు తక్కువ వదులుతుంది, నిలువునా సాగుతుంది, విచ్చిపోదు. మన పెద్దలు కూడా కొత్తబియ్యాన్ని పొంగలికి, పరమాన్నానికి వాడి, భోజనానికి పాతవి దాచేవారు. గాదె ఉన్నవాడికి ఆ వడ్డీ కనపడేది కాదు, రేషను సంచి పట్టుకున్నవాడికి ఆ అవకాశమే లేదు. రెండు మెతుకులు అంటుకోని అన్నం శ్రీమంతుల అన్నం కావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఇక అడిగినవారికి చెప్పే తీరు. ఒక గ్లాసు బాస్మతిని మెల్లగా, గింజ విరక్కుండా, నీరు తేటపడేదాకా కడగాలి. అరగంట నానబెట్టాలి. ఇది తప్పనిసరి, నానిన గింజ లోపలిదాకా ఒక్కసారే ఉడుకుతుంది. ఏడెనిమిది గ్లాసుల ఎసరు పెట్టి, రుచికి ఉప్పు వేసి, బాగా మరిగాక నానిన బియ్యం వడకట్టి వెయ్యాలి. పొంగు వచ్చాక గరిటెతో ఒకటి రెండుసార్లు కంటే కదపకూడదు. ఆరో నిమిషం నుంచి మెతుకు పట్టి చూడండి. వేళ్ళ మధ్య నొక్కితే అంచు మెత్తగా నలిగి, నడుమ సన్నని పలుకు గీత మిగలాలి. అప్పుడే వార్చాలి. సిబ్బి లేదు కాబట్టి చిల్లుల గిన్నె చాలు. వార్చిన అన్నాన్ని తిరిగి అదే గిన్నెలో వేసి, చెంచా నెయ్యి, మూత, అయిదు నిమిషాలు సన్నని సెగ, పది నిమిషాలు మంట ఆర్పి మగ్గనివ్వడం. చాలామంది చెడగొట్టేది ఈ పది నిమిషాల్లోనే, ఆకలికి ఆగలేక కలియబెడతారు. వెంటనే కలిపితే మెతుకు విరుగుతుంది, ఆగితే తడి సమంగా పరచుకుని గింజ నిలబడుతుంది. అట్లకాడతో పక్కనుంచి ఎత్తాలి, గరిటెతో గుచ్చకూడదు. కుక్కరే వాడతామంటారా, నానిన బియ్యానికి గ్లాసుకు గ్లాసుంబావు నీళ్ళు, ఒకే విజిలు, ఆవిరి దానంతట అదే దిగేదాకా మూత జోలికి పోవద్దు. తినదగ్గదిగా వస్తుంది. కాని అది అత్తెసరే, వార్పు కాదు.

వార్చిన నీళ్ళను సింకులో పోయకండి. సోనా మసూరి గంజి అంత చిక్కన కాదు గాని, వాసన దానిలో బోలెడుంటుంది. చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం, కాస్త మజ్జిగ, చల్లార్చి తాగవచ్చు. మా అవ్వ అయితే రెండు ఉల్లిపాయ ముక్కలు, ఒక పచ్చిమిరపకాయ నలిపి వేసేది.